ఉత్తగ ఉరుకుడు

వేసవి సెలవులు ఇచ్చిన రోజు సూర్యాపేట బడిలో పిల్లలందరూ గేటు దిక్కు దూకుతుంటే, మా డ్రిల్లు సారు నా ఒక్కడి మెడ పట్టుకుని గోడ నీడకు తీసుకుపోయాడు. ఆయన పల్టన్లో సిపాయిగా పనిచేసి వచ్చిన మనిషి. ప్రేమ వచ్చినా మెడే పట్టుకునేవాడు, కోపం వచ్చినా మెడే పట్టుకునేవాడు. రెండిట్లో ఏది వచ్చిందో పట్టుబడ్డవాడే తెలుసుకోవాలి.

“జర ఇను. ఏడాదంత కష్టపడి గింత దమ్ము తెచ్చుకున్నవ్. ఈ ఛుట్టీ ఉన్నది సూడు, గది దమ్మును తినేస్తది. పొద్దుగాల లేసి ఉరకాలె. నోరు బంద్, ముక్కుతోనే గాలి. ఉరికేటప్పుడు ఎవలు పలకరిచ్చినా నోరు తెరవకు, తెరిస్తివా దమ్ము ఖతం. బడి తెరిచినంక మైదానం సుట్టు ఆగకుండ తిరిగి సూపియ్యాలె. ఆగినవా, మల్ల చిన్న పిలగాండ్ల లైనుల నిలబెడ్త.”

సరే సార్ అన్నాను. మెడ వదిలాడు. ఆయనకు తెలియని సంగతి ఏమిటంటే, నేను ఆ ఏడాదంతా ఉరికింది చిన్నపిల్లల లైనుకు భయపడి కాదు. మా నాయిన వీపు మీద నుంచి దిగడానికి.

ఈ మాట సరిగా చెప్పాలంటే ముందటేడు చలికాలం సంగతి చెప్పాలి. నాకు చిన్నప్పటి నుంచి చలిజ్వరం. ఏటా రావలసిందే, మంచానికి కట్టేయవలసిందే. కడుపులో బల్ల, అంటే ప్లీహం, పెరిగి పొట్ట ముందుకు, కాళ్లు పుల్లల్లాగ ఉండేవి. నాలుగడుగులు గబగబా వేస్తే ఆయాసం. ఆ చలికాలం రజాకార్ల భయం ఊళ్ల మీద ఉన్నప్పుడు, ఒకరోజు పొద్దు వాలే వేళ మా ఊరి నడిమి నుంచి ఒక మనిషి ఉరికాడు. ఎవరో తెలియదు. అరవలేదు, ఏమీ చెప్పలేదు, ఉరికాడంతే. ఊరంతా లేచింది. ఆడవాళ్లు పొయ్యి మీది కుండలు పొయ్యి మీదే వదిలారు, మగవాళ్లు దొడ్లో పశువులను విప్పి తోలారు. నేను జ్వరంతో మంచంలో ఉన్నాను. మా అమ్మ నా చెల్లెను చంకనేసుకుంది. నాయిన నా ముందు గొంతుకూర్చుని వీపు చూపించి “ఎక్కు” అన్నాడు. ఎక్కాను.

మీసం రాకపోయినా గొంతు మారే వయసు నాది. నా కాళ్లు ఆయన పిక్కల దాకా వేలాడుతున్నాయి. వాగు దాటుతుంటే రాళ్ల మధ్య ఆయన కాలు మెలికపడింది. చప్పుడు నాకు వినబడింది. అయినా ఆయన ఆగలేదు. నన్ను దించలేదు కూడా. అట్లాగే కుంటుకుంటూ జొన్నచేలోకి తీసుకుపోయాడు. చీకటి పడేదాకా అందరం జొన్నల్లో కూర్చున్నాం.

ఎవరూ రాలేదు. ఆ రోజు రాలేదు, మర్నాడు రాలేదు. మొదట ఉరికిన మనిషి ఎవరో, ఎందుకు ఉరికాడో మా ఊళ్లో ఎవరికీ తెలియలేదు. దారిన పోయేవాడై ఉంటాడు. ఏ కుక్క తరిమిందో, ఏ బండి దాటిపోతుందనో. అంతమందిమి వాణ్ని చూసి ఉరికాం, వాడు మమ్మల్ని చూసి ఇంకా గట్టిగా ఉరికి ఉంటాడు. కాని మా నాయిన మోకాలు మాత్రం అప్పటి నుంచి సరిగా వంగలేదు. ఆయన కాలీడ్చుకుంటూ నాగలి వెనక పోతుంటే నేను ఇంకో దిక్కు చూసేవాణ్ని. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

అందుకే సూర్యాపేట బడిలో చేరగానే, నన్ను ఎవరూ అడగకుండానే, డ్రిల్లు సారు దగ్గరికి పోయి ఉరకడం నేర్పమన్నాను. ఆయన నా పొట్ట చూసి నవ్వాడు. మైదానంలో సగం దూరం పోయేసరికి కక్కుకున్నాను. మర్నాడు మళ్లీ పోయాను. క్వినైన్ బిళ్లలు మింగుతూ, కక్కుతూ, ఆ ఏడాది గడిచేసరికి మైదానం చుట్టు ఒకసారి ఆగకుండా తిరగగలిగాను. ఇంకోసారి ఊరు ఉరకవలసి వస్తే నా కాళ్ల మీద నేను ఉరకాలి, నాయిన ఇంకెప్పుడూ నన్ను మోయొద్దు. నాకు కావలసింది అదొక్కటే. దానికి సెలవులు అడ్డం వచ్చాయి.

ఆ సెలవులకు మా ఊరికి రావద్దని నాయిన కబురు పంపాడు. పోలీసు చర్య అయిపోయి రజాకార్ల భయం తీరింది గాని, ఊరి పక్కన మిలిటరీ క్యాంపు పడింది. కాళ్లు చేతులు గట్టిగా ఉన్న పిలగాండ్లను పిలిచి, అడివిలో ఉన్న కమ్యూనిస్టు దళాలకు అన్నం మోస్తున్నారా అని అడుగుతున్నారట. నాకు ఒళ్లు మండింది. పోయినేడు కాళ్లు లేవని చిక్కు, ఈ ఏడు కాళ్లున్నాయని చిక్కు. మనిషి ఎంత గట్టిగా ఉంటే సర్కారుకు, ఊరికి, ఇంట్లోవాళ్లకు సరిపోతుందో ఎవరన్నా కొలిచి చెప్తే అంతవరకే పెంచుకునేవాణ్ని. ఏం చేస్తాను, కోదాడలో మా అమ్మమ్మ ఇంటికి బస్సెక్కాను.

కోదాడ అంతకుముందు దాకా నైజాం సరిహద్దు ఊరు. భయం పుట్టినప్పుడల్లా అక్కడి జనం మూటలు నెత్తిన పెట్టుకుని అవతల ఇండియన్ యూనియన్ దిక్కు పోయి, సద్దుమణిగాక వచ్చేవారు. రెండు దిక్కుల రాకపోకల వల్ల మాట కూడా సగం మాది, సగం అవతలివాళ్లది. పోలీసు చర్యతో ఆ సరిహద్దు పోయింది. అయినా ఆ మూటలు విప్పలేదు. మా అమ్మమ్మ ఇంట్లో దూలానికి వేలాడుతున్న మూటలో ఒక చీర, ఇన్ని అటుకులు, ఒక ఇత్తడి గిన్నె అట్లాగే ఉన్నాయి. ఎందుకని అడిగితే “ఉండనీ, తింటానికి అడుగుతుందా ఏమన్నా” అన్నది.

మొదటి రోజు తెల్లవారుతుండగా లేచాను. నిక్కరు బిగించి, అంగీ విప్పేసి, బెజవాడ రోడ్డు దాకా పోయి రావాలని బయలుదేరాను. సందు మలుపులో ఒక ముసలాయన అరుగు మీద వేపపుల్ల నములుతూ కూర్చున్నాడు. నన్ను చూసి సగం లేచాడు.

“ఎవరొస్తన్నార్రా?”

సారు నోరు బంద్ అన్నాడు గదా. నేను నోరు విప్పకుండా తల అడ్డంగా ఊపాను. ఎవరూ రావడం లేదని నా ఉద్దేశం. ఎవరొస్తున్నారో నోటితో చెప్పరానంత సంగతి అని ఆయనకు అర్థమైంది. వేపపుల్ల ఉమ్మేసి లోపలికి పోయాడు. గొళ్లెం పడ్డ చప్పుడు వినబడింది. ఇంత పొద్దున్నే తలుపెందుకు వేసుకున్నాడా అనుకుంటూ నేను ముక్కుతో గాలి పీలుస్తూ పోయాను. దారిలో ఇంకో ఇద్దరు అడిగారు. వాళ్లకూ తలే ఊపాను.

రోడ్డు దాకా పోయి వెనక్కి తిరిగాను. తిరిగి వస్తుంటే సందులో మనిషి అన్నవాడు లేడు. ఒక వాకిట్లో పొయ్యి మీద అన్నం పొంగి మంట ఆరిపోతోంది. ఒకావిడ మేకను మెడకు ఉన్న తాడు పట్టి ఇంట్లోకి గుంజుతోంది, మేక రానంటోంది. నన్ను చూడగానే ఆవిడ మేకను వదిలేసి “అమ్మో, రోడ్డు వైపు నుంచి గూడా వచ్చేశారే” అని కేక పెట్టి తలుపేసుకుంది. మేక బయట మిగిలింది, నేను బయట మిగిలాను. నాకు భయం పట్టుకుంది. నిజంగానే ఎవరో వస్తున్నట్టున్నారు, నేనే చూసుకోలేదు అనుకుని ఇంకా గట్టిగా ఉరికాను.

ఇంటికొచ్చేసరికి అమ్మమ్మ దూలానికి ఉన్న మూట దించి చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. మా మామ, అంటే అమ్మ తమ్ముడు, పశువుల కొట్టంలోంచి తొంగి చూశాడు. ఆయన ముఖంలో ఒక పక్క గడ్డం ఉంది, ఇంకో పక్క లేదు. వాకిట్లో క్షవరం చేయించుకుంటుంటే ఎవరో అరిచారట. క్షవరం చేసే ఆయన కత్తితో సహా మాయమయ్యాడు.

“ఎవరురా? ఎంతమంది?” అన్నాడు మామ.

“ఎవలస్తున్నరో నాకేం తెల్సు? మీరే సెప్పాలె” అన్నాను రొప్పుతూ.

“మరి నువ్వెందుకు పరిగెత్తావు?”

“దమ్ము కోసం.”

దమ్ము కోసం అన్న మాట విన్నాక అమ్మమ్మ మూటను మళ్లీ దూలానికి కట్టేసింది. తర్వాత సందంతా వచ్చి మా వాకిట్లో నిలబడింది. అన్నం చల్లారిపోయినవాళ్లు, మేక తప్పిపోయినవాళ్లు. ఒక పెద్దమనిషి నన్ను కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామన్నట్టే అడిగాడు: “బాబూ, ఎవరూ తరమకుండా, ఎవరినీ తరమకుండా మనిషనేవాడు పరిగెత్తటమేంటి?” నేను సారు చెప్పిందంతా చెప్పాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చెబుతుంటే నాకే పిచ్చి మాటల్లాగ వినిపించాయి.

మామ మిగతా గడ్డం గీసే మనిషి మధ్యాహ్నానికి గాని దొరకలేదు. అమ్మమ్మ తన నెత్తి మీద నా చెయ్యి పెట్టించుకుని, ఇక ఉత్తగ ఉరకనని ఒట్టు వేయించుకుంది.

ఆ మధ్యాహ్నం నేను మంచం మీద పడుకుని ఆలోచించాను. మా ఊరి నడిమి నుంచి ఉరికినవాడు కూడా నాలాంటివాడేనా? వాడికీ ఎవరన్నా సారు నోరు బంద్ అని చెప్పాడా? అట్లా అయితే మా నాయిన మోకాలు ఎవరి ఖాతా? వాణ్ని తిట్టుకుంటూ ఒక ఏడాది గడిపాను. ఇప్పుడు తిట్టబోతే నా ముఖమే కనబడుతోంది. ఎటు ఆలోచించినా తల తిరిగిపోయింది. ఇంతలో అమ్మమ్మ అన్నానికి పిలిచింది.

అమ్మమ్మ పిలుపు గురించి కూడా చెప్పాలి. డ్రిల్లు సారుకు అసలు శత్రువు ఛుట్టీ కాదు, మా అమ్మమ్మ. కొత్త ఆవకాయ, వేడన్నం, దాని మీద వెన్న. పెరుగన్నంలోకి రసాలు. నిద్ర లేస్తే చల్ల, నిద్రపోయే ముందు పాలు. “పుల్లలాగున్నావు, మీ నాయన చూస్తే నన్నంటాడు” అని వడ్డించేది. తినకపోతే కళ్లనీళ్లు పెట్టుకునేది. నేను తిన్నాను. సత్తెప్రమాణంగా చెబుతున్నాను, బలవంతాన తినలేదు. ఆ ఎండల్లో తడిపిన చాప మీద పడుకుని, రసం కారే మామిడిపండు పట్టుకున్నవాడికి మైదానం ఎక్కడ గుర్తుంటుంది? ఒకపూట కొట్టంలో చాటుగా దండీలు తీద్దామని చూశాను. ఎద్దులు బెదిరి గుంజ పీకాయి. దాంతో అదీ బంద్ అయింది.

అట్లా కొన్నాళ్లు పోయాక, మిద్దె మీద ఎండబెట్టిన వడియాలు తెమ్మంటే నిచ్చెన ఎక్కాను. పైకి పోయేసరికి ఆయాసం. అదే పాత ఆయాసం, చలిజ్వరం నాటిది. వడియాల పక్కన కూర్చుని ఏడ్చాను. ఛుట్టీ దమ్మును తినేస్తదని సారు చెప్పింది ఇదే అని తెలిసింది. కళ్ల ముందు నాయిన గొంతుకూర్చుని వీపు చూపిస్తున్నట్టే ఉంది. ఎవరన్నా ఇప్పుడు వస్తే నేను మళ్లీ ఎక్కాల్సిందే.

మామ నా ముఖం చూసి ఏమిటని అడిగాడు. నాయిన సంగతి చెప్పలేదు, దమ్ము సంగతే చెప్పాను. ఆయన హాస్యగాడు, కాని మనసున్నవాడు. కాసేపు మీసం దువ్వుకుని లోపలికి పోయి ఒక చెంబు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“ఇది పట్టుకుని పరిగెత్తు అల్లుడా. చెంబు పట్టుకుని పొలాల వైపు పరిగెత్తేవాణ్ని ఈ దేశంలో ఎవడూ ఆపడు, ఎవడూ ఎందుకని అడగడు. అడిగితే అడిగినవాడిదే తప్పు.”

“మరి అమ్మమ్మ నెత్తి మీద ఒట్టు పెట్టిన గద?”

“ఉత్తగ పరిగెత్తనని గదా పెట్టావు. చెంబుంటే ఉత్తగ ఎట్లా అవుతుంది?”

మర్నాడు చెంబుతో బయలుదేరాను. మలుపులో ముసలాయన నన్ను చూశాడు, చెంబును చూశాడు, పక్కకు జరిగి దారి ఇచ్చాడు. “పోనీయండి, పోనీయండి” అని ఎదురొచ్చే బండిని కూడా ఆపాడు. కోదాడలో నాకు అంత మర్యాద ఎప్పుడూ జరగలేదు. ఖాళీ చెంబైతే ఊగుతూ తేలికగా కనబడి అనుమానం వస్తుందని మామ నీళ్లు పోయించాడు. నీళ్లు ఒలకకుండా ఉరకాలంటే ఒళ్లు ఎగిరిపడకూడదు, అడుగు మెత్తగా పడాలి, చెయ్యి నిలకడగా ఉండాలి. మొదట్లో ఇంటికి వచ్చేసరికి నిక్కరంతా తడిసేది. రోజులు గడిచినకొద్దీ నీళ్లు చెంబులోనే ఉండడం మొదలుపెట్టాయి. దమ్ము తిరిగి వచ్చింది. ఇంకొంచెం తెచ్చుకుందామన్న ఆశతో సాయంత్రం పూట కూడా ఉరికాను.

అక్కడే దెబ్బతిన్నాను. పొద్దునా సాయంత్రమూ చెంబు పట్టుకుని అంత దూరం అంత వేగంగా పోయే పిల్లవాడి గురించి ఊరు ఏమనుకుంటుంది? చుట్టుపక్కల ఆడవాళ్లు అమ్మమ్మ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి మాట్లాడారు. ఒకామె దానిమ్మ తొక్కల కషాయం తెచ్చింది. ఇంకొకామె వాము నూరి తెచ్చింది. ముసలాయనైతే, పాపం, తన పొలం గట్టు దగ్గరే ఉందని, అంత దూరం పోవద్దని చెప్పించాడు. అమ్మమ్మ బెంగపడిపోయింది. ఆవకాయ బంద్. వెన్న బంద్. మామిడిపండ్లు నా కంటికి కనబడకుండా అటక మీదికి పోయాయి. పొద్దున మజ్జిగ, మధ్యాహ్నం మజ్జిగన్నం, సాయంత్రం గంజి.

“మామా, నిజం జెప్పవే” అని బతిమాలాను.

“చెబితే మీ అమ్మమ్మ మొదట నన్నే చంపుతుంది. ఆ ఒట్టును నేనే తిప్పానని తెలిస్తే ఇంట్లో అన్నం పెట్టదు. కాస్త ఓర్చుకో” అన్నాడు, మామిడిపండు చీకుతూ.

ఓర్చుకున్నాను. ఉరుకుతున్నాను, గంజి తాగుతున్నాను. ఒళ్లు గట్టిపడింది గాని చిక్కిపోయాను. చిక్కినకొద్దీ అమ్మమ్మకు రోగం మీద నమ్మకం పెరిగింది. చివరికి, మిర్యాలగూడలో మంచి హకీం ఉన్నాడని ఎవరో చెబితే, మామను తోడిచ్చి అక్కడ కాపురం ఉంటున్న మా అక్క దగ్గరికి పంపించింది. మామ నన్ను దింపి, అక్క పెట్టిన భోజనం చేసి, ఏమీ చెప్పకుండా వెనక్కి పోయాడు.

హకీం సాబు తెల్లగడ్డం పెద్దమనిషి. నా మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు. నిద్రపోయాడేమోనని అక్క నా దిక్కు చూసింది.

“కడుపుల ఏం లేదు బేటీ” అన్నాడు చివరికి. “కాని నాడి మస్తు నిమ్మళంగ కొడుతున్నది. ఇంత పడుచు పిలగానికి ఇంత నిమ్మళం నాడి నేను సూడలే. మంచిది కాదు. మంచం దిగనియ్యకు. నడువద్దు, మెట్లెక్కద్దు, ఉరుకుడు మాట ఎత్తనే ఎత్తద్దు.”

చాలా ఏళ్ల తర్వాత హైదరాబాదులో ఒక డాక్టరు నాతో అన్నాడు, బాగా పరుగెత్తేవాళ్ల నాడి అట్లాగే నెమ్మదిగా ఉంటుందని, అది గుండె గట్టిదనానికి గుర్తని. ఏడాది పాటు కక్కుకుంటూ సంపాదించినదాన్ని హకీం సాబు వేళ్లతో పట్టుకుని చూసి రోగమన్నాడు. కాని ఆ రోజు నాకేం తెలుసు? పెద్దమనిషి చెప్పాడు, అక్క ఏడ్చింది, నేను నమ్మాను. ఉరికి ఉరికి గుండెను పాడుచేసుకున్నాననుకున్నాను. మంచం మీద పడుకుని మణికట్టు నేనే పట్టుకుని చూసుకునేవాణ్ని. ఒక దెబ్బ కొట్టి రెండో దెబ్బ కొట్టేలోపల, ఇక కొట్టదేమోనని భయం. ఉరికితే దమ్ము వస్తదని సారు. ఉరికితే ఊరు ఖాళీ అవుతదని కోదాడ. ఉరికితే ప్రాణం పోతదని హకీం సాబు. ముగ్గురూ నా మేలు కోరేవాళ్లే, ముగ్గురూ ఈ ఒక్క ఒంటి గురించే మాట్లాడుతున్నారు. ఎవరి ఒంటి గురించి మాట్లాడుతున్నారో నాకే అర్థం కాలేదు.

అక్క ఊరుకోలేదు. మా ఊరి దిక్కు పోయే బండివాళ్లతో నాయినకు కబురు పంపింది. తమ్మునికి నాడి నిమ్మళంగ ఉన్నదట అని చెప్పి పంపింది. బండ్లు మారి, నోళ్లు మారి, మా వాకిట్లోకి చేరేసరికి నాడి దొరకడం లేదన్నంత దూరం పోయిందా కబురు. ఇది నాకు తర్వాత తెలిసింది.

కబురు పోయిన కొన్నాళ్లకు, ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చింది. అక్క ఇంకా లేవలేదు. చల్లగా ఉంది. మంచం మీద పడుకుని పడుకుని ఒళ్లంతా నొప్పులు. బడి తెరిచే రోజు దగ్గరపడింది. గుండె పాడైతే పాడైంది, దమ్ము ఉన్నదో పోయిందో ఒక్కసారి చూసుకోవాలనిపించింది. పోతే ఎట్లాగూ నాయిన వీపే గతి. ఆ బతుకు కంటే దారిలో పడిపోవడమే నయమనుకున్నాను. అంత మూర్ఖంగానే అనుకున్నాను. చెప్పులు కూడా లేకుండా, చప్పుడు కాకుండా తలుపు తీసి బయటపడ్డాను.

మొదట నడిచాను. ఏమీ కాలేదు. మెల్లగా ఉరికాను. ఏమీ కాలేదు. ఊరు దాటి బండ్ల బాటలోకి వచ్చాక కాళ్లు వాటంతట అవే పోతున్నాయి. ఆయాసం లేదు. ముక్కుతో గాలి హాయిగా పోతోంది, వస్తోంది. దారి పక్కన వేరుశనగ తీసేసిన చేలు, అక్కడక్కడ తుమ్మచెట్లు, మనిషి జాడ లేదు. నన్ను చూసి పారిపోయేవాళ్లు లేరు, దారి ఇచ్చేవాళ్లు లేరు. నా బతుకులో అంత సంతోషంగా ఎప్పుడూ ఉరకలేదు. పెద్దగా నవ్వాలనిపించింది, నోరు బంద్ కాబట్టి ఊరుకున్నాను.

అప్పుడు దూరంగా ఎదురుగా ఒక మనిషి వస్తూ కనబడ్డాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర. ఒక కాలు ఈడుస్తున్నాడు.

ఆ నడక నాకు ఎంత దూరం నుంచైనా తెలుస్తుంది. నాయిన! నేను ఉరకడం ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. చూపిద్దామనుకున్నాను. ఉన్న బలమంతా తీసి ఇంకా వేగంగా ఉరికాను.

నాడి దొరకడం లేదన్న కొడుకు కోసం రాత్రంతా బండిలో వచ్చి, ఊరి బయట దిగి నడుస్తున్న మనిషి, ఆ కొడుకు తెల్లవారకముందే చెప్పులు లేకుండా, అంగీ లేకుండా, నోరు మూసుకుని తన మీదికి ఉరికి రావడం చూశాడు. ఆయన ఏమనుకుంటాడో నాకు తట్టలేదు. ఆయన ఆగాడు. నా వెనక దారిని చూశాడు. కర్ర పారేశాడు. గొంగడి పారేశాడు. ఆ కాలితో నాకు ఎదురు ఉరికాడు, ఎట్లా ఉరికాడో ఇప్పటికీ చెప్పలేను, సగం పడుతూ సగం లేస్తూ. దగ్గరికి రాగానే నాకు వీపు తిప్పి దుమ్ములో గొంతుకూర్చున్నాడు.

“ఎక్కు బిడ్డా. జెల్ది ఎక్కు.”

నేను ఆయన వెనక నిలబడిపోయాను. ఆయన రెండు చేతులు వెనక్కి చాచి నా కాళ్ల కోసం వెతుకుతున్నాడు. పోయినేటికీ ఇప్పటికీ నేను జానెడు పెరిగాను. ఎక్కితే నా కాళ్లు నేలకు తగులుతాయి.

“ఎవ్వలు వస్తలేరు నాయినా.”

“వస్తలేరా? మరి ఎందుకురా ఉరుకుతున్నవ్?”

“ఉత్తగనే.”

ఆయన లేవలేదు. లేవకపోవడం కాదు, మోకాలు పట్టేసి లేవలేకపోతున్నాడు. చంకల కింద చేతులు పెట్టి లేపాను. మా నాయిన అంత తేలికగా ఉంటాడని నాకు తెలియదు. దారి పక్కన ఉన్న కంకర కుప్ప మీద కూర్చోబెట్టాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు, మెడ మీద చెయ్యి పెట్టి చూశాడు, నొసలు తడిమాడు. మనిషి బతికే ఉన్నాడని రూఢి చేసుకున్నాక, కోపం వచ్చింది. వచ్చిన కోపం నిలవలేదు.

నేను అంతా చెప్పాను. డ్రిల్లు సారు, కోదాడ, చెంబు, హకీం సాబు, అన్నీ. చెంబు దగ్గర ఆయన నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. ఇవన్నీ ఎందుకురా అన్నట్టు చూస్తున్నాడు. అప్పుడు ఎవరికీ చెప్పని మాట చెప్పాను. నీ కాలు నా వల్ల పోయింది నాయినా, ఇంకోసారి నువ్వు నన్ను మోయొద్దని, నీ వీపు మీద నుంచి దిగాలని ఉరుకుతున్నా అన్నాను.

ఆయన చాలాసేపు మోకాలు రుద్దుకుంటూ కూర్చున్నాడు. ఏదో లెక్క కుదరనట్టు నొసలు ముడుచుకున్నాడు. కోపం కాదు, బాధ కాదు, నిజంగా ఆయనకు అర్థం కాలేదు.

“నువ్వు బరువున్నవని నేనెన్నడన్న అన్ననారా?”

“లేదు నాయినా.”

“మరి దిగుడెందుకురా?”

నా నోరు బంద్ అయింది. ఈసారి సారు చెప్పాడని కాదు. ఏడాదంతా దేనికి ఉరికానో అంత బాగా తెలిసినవాణ్ని, ఆ ఒక్క ప్రశ్న ముందు ఏమీ తెలియనివాణ్ని అయిపోయాను. ఆయన పక్కన కూర్చుని గట్టిగా ఏడ్చాను. ఆయన నన్ను ఊరుకోబెట్టలేదు. పొద్దు పొడిచి ఎండ మొదలయ్యాక, నేను ఏరుకొచ్చిన గొంగడి దులిపి వేసుకుని, కర్ర అందుకుని, నా భుజం పట్టుకుని లేచాడు. అక్క ఇంటి దాకా ఆ చెయ్యి తీయలేదు, నేను ఆయన అడుగుకు అడుగు కలిపి మెల్లగా నడిచాను.